రాహేలమ్మ నంబరు మీద నడిచిన ఊరు

నడిస్తే షుగరు తగ్గుతుందని మొదట కనిపెట్టిందెవరో మనకు తెలియదు. నడవమని ఫోన్లో చెబితే ఇంకా బాగా తగ్గుతుందని కనిపెట్టింది మాత్రం నడక ప్రోత్సాహక మండలి వారు. ఆ మండలికి రాజధానిలో ఏడంతస్తుల భవనం ఉంది. అందులో రెండు లిఫ్టులున్నాయి, రెండూ నిక్షేపంగా పనిచేస్తాయి. మెట్ల మీద పాత ఫైళ్ళు పేర్చారు.

ఆ భవనంలో పుట్టిన పథకం పేరు 'అడుగులో ఆయుష్షు'. షుగరు, బీపీ, ఆయాసం, కీళ్ళవాతం లాంటి మొండి రోగాలున్న ప్రతి మనిషి ఫోనుకీ పొద్దున్నే ఒక సందేశం వెళుతుంది. అది చదివిన రోగి ఉత్తేజితుడై నడుస్తాడు. నడిచి, నడిచానని జవాబిస్తాడు. ఆ జవాబులన్నీ రాజధానిలో గోడంత తెర మీద పచ్చచుక్కలై మెరుస్తాయి. రోగాలు కుదర్చడం ఇంత తేలికని తెలియక మన పెద్దలు అనవసరంగా వైద్యకళాశాలలు కట్టించారు.

పథకం కొమరవరం అనే నేతగాళ్ళ ఊరికి వచ్చేనాటికి అక్కడ రాహేలు తొమ్మిదేళ్ళుగా ఆశా కార్యకర్తగా పనిచేస్తోంది. నలభై నాలుగేళ్ళ మనిషి, భుజాన గుడ్డసంచి. సంచిలో షుగరు చూసే మిషను, దూది, కట్టుగుడ్డ, ఒక మజ్జిగ సీసా. ఏ గడప ఎత్తో, ఏ కుక్క కరుస్తుందో, ఏ ముసలమ్మ మాత్రలు మింగినట్టు నటించి చూరులో దోపుతుందో ఆమెకు కంఠతా వచ్చు. ఊళ్ళో మొండి రోగాల జాబితాలో రెండు వందల పది మంది ఉన్నారు. ఆ ఇళ్ళన్నీ తిరగాలంటే ఆమెకు వారం పట్టేది.

భావన్నారాయణ ఇంటికి మాత్రం రోజు విడిచి రోజు వెళ్ళేది. ఆయనకు అరవై ఆరేళ్ళు, యాభై ఏళ్ళుగా గుంట మగ్గం నేస్తున్నాడు. షుగరు వల్ల పాదాలు మొద్దుబారిపోయాయి. మగ్గం కింద కాలితో తొక్కే చెక్కకు మేకు లేచి కుడి అరికాలు చీరేస్తే, నాలుగు రోజుల దాకా ఆయనకే తెలియలేదు. గుంటలో నెత్తురు చూసి భార్య సుబ్బరత్తమ్మ కేక పెట్టింది. "రెండు నెలలు ఆ కాలు నేల మీద పెట్టకూడదు. రోజు మార్చి రోజు కట్టు మార్చాలి. లేకపోతే పాదం తీసేయాలి" అని పట్నం డాక్టరు చెప్పాడు. రాహేలు తల్లికి ఇలాంటి పుండుతోనే కాలు పోయింది. అందుకే ఈ పాదాన్ని దక్కించడం ఆమెకు ఉద్యోగం కాదు, పంతం.

పథకం మీద శిక్షణ మండల కేంద్రంలో జరిగింది. జిల్లా సమన్వయాధికారి డాక్టర్ వైకుంఠరావు గారు గంటన్నర మాట్లాడారు.

"ఇన్నాళ్ళూ మనం ఏం చేశాం? వైద్యం చేశాం. రోగాలు తగ్గాయా? తగ్గలేదు. కారణం? రోగిలో ప్రవర్తనా పరివర్తన లోపించింది. ఇకపై మనం రోగి వద్దకు పోనక్కరలేదు. మన సందేశం పోతుంది. సందేశమంటే కేవలం అక్షరాలు కాదు, అది ప్రభుత్వం పౌరుణ్ణి చేసుకునే సాంకేతిక ఆలింగనం!"

చప్పట్లు కొట్టారు. రాహేలు లేచి నిలబడింది. "సార్, మా ఊళ్ళో చానామందికి ఫోన్లు లేవండి."

"ఫోను లేకపోవడం కూడా ఒక ప్రవర్తనే అమ్మా," అన్నారు వైకుంఠరావు గారు ప్రసన్నంగా. "అది కూడా పరివర్తన చెందుతుంది. కూర్చో."

ఆమె కూర్చుంది. ఫోన్లు ఉన్నది ఇరవై ఏడుగురికే. మిగతా నూట ఎనభై మూడు మంది వివరాలు ఎక్కించబోతే నంబరు గడి దగ్గర కంప్యూటరు ముందుకు కదలనంది. ఆసుపత్రిలో కంప్యూటరు చూసే ఫణికుమార్ ఆవులిస్తూ దారి చెప్పాడు.

"ఖాళీ వదిలితే మిషన్ ఒప్పుకోదక్కా. నీ నంబరు కొట్టు. ఎప్పుడూ కొట్టేదేగా."

నిజమే, ఎప్పుడూ కొట్టేదే. ప్రభుత్వం ఏ కాగితంలో నంబరు అడిగినా కొమరవరంలో రాహేలమ్మ నంబరే చెప్పేవాళ్ళు. టీకాలకు అదే, కాన్పులకు అదే, ఉచిత కళ్ళద్దాలకు అదే. ఒకాయన గేదె బీమాకు కూడా అదే ఇచ్చాడు. గేదె చచ్చిపోయినప్పుడు సంతాపం ఆమెకే వచ్చింది. కాబట్టి రాహేలు రెండో ఆలోచన లేకుండా నూట ఎనభై మూడు సార్లు తన నంబరే కొట్టింది.

సోమవారం పొద్దున ఐదున్నరకు గూట్లోని ఫోను వణికి వణికి కిందపడింది. ఆమె భర్త దావీదు మంచం మీద లేచి కూర్చుని, "ఎవరన్నా పోయారేమో చూడు" అన్నాడు.

ఎవరూ పోలేదు. "శుభోదయం అల్లాబక్షు గారూ! మీ పాదాలే మీ వైద్యులు. ఈరోజు 2000 అడుగులు వేశారా? వేస్తే 1, వేయకుంటే 2 నొక్కి, మీ పన్నెండంకెల రోగి సంఖ్య జతచేయండి" అని ఉంది. దాని కింద నాగరత్నం గారికి శుభోదయం. దాని కింద పక్షవాతంతో మూడేళ్ళుగా మంచంలో ఉన్న పిచ్చమ్మ గారికి శుభోదయం. ఇలా నూట ఎనభై మూడు శుభోదయాలు అయ్యేసరికి తెల్లగా తెల్లవారింది.

పన్నెండంకెలు పుస్తకంలో వెతికి, ఒక్కో జవాబూ పంపడానికి రెండు నిమిషాలు పట్టింది. అంటే ఆరు గంటలు. మధ్యాహ్నం లోపు జవాబు రాకపోతే తెర మీద చుక్క ఎర్రబడుతుంది. ఎర్రబడితే ఫణికుమార్ ఫోన్ చేస్తాడు. వాటిని ఎలాగో ముగించేసరికి సాయంత్రం సందేశాలు మొదలు. "నడక అనంతరం మీ మనఃస్థితి ఎలా ఉంది? ఆనందం అయితే 1, మహానందం అయితే 2." మూడోది లేదు. మండలి వారు దాని అవసరం గుర్తించలేదు.

వారం తిరిగేసరికి ఏమైందంటే, నడకను పెంచే పథకం పుణ్యమా అని ఊళ్ళో అందరికన్నా ఎక్కువ నడిచే మనిషి నడక మానేసింది. రాహేలు అరుగు మీద గోడకానుకుని కూర్చుని అంకెలు నొక్కుతూ ఉండేది. సంచి మేకుకు వేలాడుతూ ఉండేది. "నీకూ షుగరొచ్చిద్దే ఇట్టా కూచుంటే" అన్నాడు దావీదు. "రానీ, జాబితాలో నా నంబరు ముందే ఉందిగా" అంది ఆమె.

మొదట్లో ఆమె జవాబులు నిజాయితీగానే ఇచ్చింది. భావన్నారాయణ నడిచాడా? నడవకూడదు గనక నడవలేదు. 2. మర్నాడూ 2. మూడోనాడూ 2. నాలుగోనాడు ఇంకో రకం సందేశం వచ్చింది. "భావన్నారాయణ గారూ, మీరు నడక విముఖులుగా గుర్తింపబడ్డారు. ప్రేరణ బృందం మిమ్మల్ని సందర్శించును."

ఆ మాట నిలబెట్టుకున్నారు. పసుప్పచ్చ చొక్కాలు తొడుక్కున్న నలుగురు డప్పుతో సహా జీపు దిగి, భావన్నారాయణ మెడలో దండ వేసి, చెయ్యి పట్టుకుని లేపి, నేతవీధి చుట్టూ రెండుసార్లు తిప్పారు. ఫొటో తీసుకుని వెళ్ళిపోయారు. ఆ సమయానికి రాహేలు అరుగు మీద నూట నలభయ్యో జవాబు నొక్కుతోంది. కబురు తెలిసి పరుగెత్తేసరికి కట్టంతా నెత్తురుతో తడిసి మట్టి కొట్టుకుపోయింది. చిటికెన వేలు, దాని పక్క వేలు రంగు మారాయి.

"ఎందుకు లేచావు పెద్దయ్యా? నేను చెప్పానా లేదా?" అంది, ఏడుపూ కోపమూ కలిసి.

"నొప్పి తెలీదు గదమ్మా, అందుకే నడిచా. జీపేసుకుని ఇంటికొచ్చినోళ్ళని కాదంటే ఏం మర్యాద?" అన్నాడు భావన్నారాయణ తప్పు చేసినవాడిలా. "ఇంతకీ నా పేరునొచ్చే ఆ మెసేజీలో ఏముంది?" అనడిగాడు.

"మీ పాదాలే మీ వైద్యులంట."

"అయితే నా వైద్యుడికే జబ్బు చేసిందని రాయి."

అలా రాయడానికి వీల్లేదు, ఒకటో రెండో నొక్కాలంతే. రాహేలు మర్నాడు ఆసుపత్రికి పోయి, ఆయన పేరు పథకంలోంచి తీసేయమంది. ఫణికుమార్ మినహాయింపుల జాబితా తెరిచాడు. అందులో నాలుగే ఉన్నాయి. మరణం, వలస, ప్రసవం, కాలు లేకపోవడం.

"కాలికి పుండుందయ్యా ఆయనకి."

"పుండు లేదక్కా ఇందులో. కాలు లేకపోతే ఉంది. అది కూడా ఏటా కొత్త సర్టిఫికెట్ ఇవ్వాలి."

"ఏటా ఎందుకు? కాలు మళ్ళీ మొలుస్తుందా?"

"నిబంధనక్కా" అన్నాడు ఫణికుమార్. ఆ మాట తర్వాత మన దేశంలో ఎవరూ ఏమీ అడగరు.

రాహేలు అడిగింది. జిల్లా ఆఫీసుకు బస్సెక్కి పోయి, వైకుంఠరావు గారి గది బయట మూడు గంటలు నిలబడి, ఆయన లోపలికి పిలిచాక, "సార్, ఆయన నడిస్తే కాలు పోతుందండి" అంది.

ఆయన సావధానంగా విన్నారు. చెడ్డ మనిషి కాదు. "పోయాక రండమ్మా" అన్నారు. "పోయాక నిబంధన చాలా స్పష్టంగా ఉంది. పోకముందు దాని గురించి ప్రభుత్వం వద్ద విధానమేదీ లేదు."

బస్సులో తిరిగొస్తూ రాహేలు ఒక నిర్ణయానికొచ్చింది. మర్నాడు ఐదున్నరకు అందరికన్నా ముందు భావన్నారాయణ సంఖ్య తీసి, పక్కన 1 కొట్టింది. ఆయన నడిచాడు. వెంటనే అభినందన వచ్చింది, రేపటి లక్ష్యం ఐదొందల అడుగులు పెంచామని కూడా వచ్చింది. పెంచుకోండి అనుకుంది. నడిచేవాళ్ళ ఇంటికి డప్పు రాదు, అదే ఆమెకు కావలసింది. ఒకరిని నడిపించాక మిగతావాళ్ళని కూర్చోబెట్టడం ఏం న్యాయం? నూట ఎనభై మూడు మందినీ నడిపించింది. ఎవరు నడిచారో కబుర్లంపి వాకబు చేసే పని లేదు గనక మధ్యాహ్నానికల్లా నొక్కడం అయిపోయేది. ఆ తర్వాత సంచి తీసుకుని కనీసం భావన్నారాయణ ఇంటికి పోయేది.

అప్పటికే ఆలస్యమైంది. పట్నంలో ఆ రెండు వేళ్ళూ తీసేశారు. "మిగతా పాదం ఇంకా దక్కుతుంది. ఇంకో మూడు నెలలు నేలకు తాకనివ్వకండి. తాకితే మోకాలి దాకా పోతుంది" అన్నాడు డాక్టరు. రాహేలు ఆసుపత్రి వరండాలో కూర్చుని ఏడ్చింది. ఏడుస్తుండగా ఫోను మోగింది. భావన్నారాయణ గారి మనఃస్థితి అడుగుతున్నారు. ఆమె 2 నొక్కింది.

ఆమె 1 నొక్కడం మొదలెట్టిన నలభై రోజులకు కొమరవరంలో ఒక్కో రోగీ రోజుకు ఇరవై రెండు వేల అడుగులు వేస్తున్నాడు. మంచం పట్టిన పిచ్చమ్మ వేస్తోంది. అల్లాబక్షు పాపం మధ్యలో కాలం చేశాడు గానీ, మరణ ధ్రువపత్రం రాలేదు గనక ఆయనా వేస్తున్నాడు. వేసి మహానందం పొందుతున్నాడు.

రాజధానిలో తెర మీద ఈ పచ్చచుక్కలన్నీ ఒకే చోట పడి అరచేతి వెడల్పు పచ్చమరక ఏర్పడింది. మండలి సంచాలకురాలు హేమనళిని గారు దాన్ని చూసి సమావేశం పెట్టారు. ఒకే నంబరు, నూట ఎనభై మూడు మంది, ఒకే లెక్కన అడుగులు, ఒకే మోతాదు ఆనందం. దీని అర్థమేమిటి? ఆ గదిలో ఉన్నవారందరికీ తలా రెండు ఫోన్లున్నాయి. ఒక మనిషికి రెండు ఫోన్లుండటం వారెరుగుదురు గానీ, నూట ఎనభై మూడు మందికి ఒక ఫోనుండటం ఎవరి ఊహకూ అందలేదు. కాబట్టి శాస్త్రీయంగా మిగిలిన ఒకే ఒక్క కారణాన్ని నిర్ధారించారు. అది ఉమ్మడి కుటుంబం.

నివేదిక తయారైంది. "కొమరవరంలో శ్రీమతి రాహేలు ఇంటి పెద్దగా నూట ఎనభై మూడు మంది సభ్యులున్న ఉమ్మడి కుటుంబం కలదు. సభ్యులందరికీ దీర్ఘవ్యాధులు కలవు. అందరూ ఒకే వేళ లేచి నడచుచున్నారు." పేర్లలో మూడు మతాలవాళ్ళు ఉన్నారేమిటని ఒక చిన్న ఉద్యోగి సందేహం రాశాడు. సంచాలకురాలు దాని పక్కన పచ్చ సిరాతో, "మతసామరస్యం. అదనపు ఫలితంగా చూపవలెను" అని రాశారు.

ఆ కుటుంబాన్ని సన్మానించడానికి స్వయంగా వస్తున్నామని కబురు చేశారు. సన్మానానికి ముందు బస్సు స్టాండు నుంచి బడి దాకా మూడు కిలోమీటర్ల ఆదర్శ నడక. ప్రతిరోజూ అందరికన్నా ముందు జవాబిచ్చే 'ఉత్తమ పాదచారి' భావన్నారాయణ దానికి నాయకత్వం వహిస్తారు. భూస్పర్శ నిమిత్తం చెప్పులు లేకుండా.

ఆ రోజు పొద్దున్నే షామియానా లేచింది, పసుప్పచ్చ చొక్కాలు దిగాయి. వైకుంఠరావు గారు రాహేలు ఇంటికే వచ్చి, "అమ్మా, నీ కుటుంబాన్ని సిద్ధం చెయ్యి" అన్నారు. ఆయన కళ్ళల్లో ప్రార్థన ఉంది. అసలు సంగతి ఆయనకు తెలుసో తెలియదో చెప్పలేం. తెలుసుకోకుండా ఉండటంలో ఆయనకు ముప్పై ఏళ్ళ అనుభవం ఉంది.

నిజం చెబితే ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే ఆ కాలు పోతుంది. రాహేలు సంచి భుజాన వేసుకుని తిన్నగా భావన్నారాయణ ఇంటికి పోయి గడపకు అడ్డంగా నిలబడింది.

కాసేపటికి డప్పుతో, దండతో హేమనళిని గారే వచ్చారు. "ఏరీ మా ఉత్తమ పాదచారి? పిలవండి."

"ఆయన రారు మేడమ్. ఆ నంబరు నాది. ఇక్కడెవరూ నడవలేదు. జవాబులన్నీ నేనే నొక్కాను."

డప్పు ఆగిపోయింది. సంచాలకురాలు చుట్టూ మూగిన జనాన్ని చూశారు. "అంటే వీళ్ళంతా మీ కుటుంబం కాదా?"

"కాదు మేడమ్. ఊరు."

వైకుంఠరావు గారు ముందుకొచ్చారు. "సాంకేతికంగా కుటుంబమే మేడమ్, నంబరు ఒకటే గనక."

ఈ మాటలన్నీ లోపలికి వినబడుతున్నాయి. మంచం కిర్రుమంది. "పోన్లే అమ్మాయ్," అన్నాడు భావన్నారాయణ. "నా మూలాన నీ ఉజ్జోగం పోవడం దేనికి? మూడు కిలోమీటర్లేగా. నొప్పెటూ తెలీదు. వస్తన్నా ఉండు."

రాహేలు వెనక్కి తిరిగి, "కాలు కింద పెట్టావంటే నేనూరుకోను పెద్దయ్యా! అత్తా, పట్టుకో ఆయన్ని!" అని అరిచింది. సుబ్బరత్తమ్మ రెండు చేతులా మొగుణ్ణి మంచానికి అదిమిపట్టింది. గడప మీంచి రాహేలు కదల్లేదు. ఫొటోలు తీసేవాడు కూడా కెమెరా దించేశాడు.

అయితే ప్రభుత్వ కార్యక్రమం ఆగకూడదు. పసుప్పచ్చ చొక్కాలవాళ్ళు, జీపు డ్రైవర్లు, షామియానా మనుషులు రోగుల పేరుబిళ్ళలు తలా నాలుగు మెడలో వేసుకుని మూడు కిలోమీటర్లూ నడిచారు. భావన్నారాయణ బిళ్ళ వైకుంఠరావు గారే వేసుకున్నారు. బస్సు స్టాండు నుంచి వంద గజాలు నడిచాక ఆయనకు ఆయాసం వచ్చి జీపెక్కారు.

తర్వాత ముగ్గురు సభ్యుల విచారణ సంఘం రెండు రోజులు కూర్చుంది. జవాబులు అబద్ధమని తేల్చడానికి వీల్లేదు. కొమరవరం విజయగాథ అప్పటికే రంగుల పుస్తకంగా అచ్చయి, ఒక పెద్ద హోటల్లో విడుదలైపోయింది. కాబట్టి రోగులు నడిచారని, కాకపోతే నడిచినట్టు నొక్కే హక్కు వారిదేనని, దాన్ని రాహేలు హరించిందని తేల్చారు. ఇంత సులువైన కొలువుకు కూడా పనికిరాని మనిషిని ఏం చేయాలన్నది మిగిలిన సమస్య. తీసేస్తే కారణం చెప్పాలి. చెబితే పుస్తకం అబద్ధమవుతుంది. ఆలోచించి ఆలోచించి ఉత్తర్వు ఇచ్చారు.

"శ్రీమతి రాహేలును గౌరవప్రదమైన సందేశ విధుల నుండి తక్షణం తప్పించడమైనది. ఆమె ఫోను నంబరు పథకము నుండి శాశ్వతముగా నిషేధించడమైనది. ఇకపై ఆమె ప్రతిదినము గ్రామములోని రోగుల ఇండ్లకు స్వయముగా, కాలినడకన వెళ్ళవలెను. ఇట్టి శిక్ష తదుపరి ఉత్తర్వులు వచ్చువరకు అమలులో ఉండును."

కంప్యూటర్లో నంబరు గడి ఖాళీగా ఉంటే ఒప్పుకోదు గనక, ఫణికుమార్ నూట ఎనభై మూడు చోట్లా తన నంబరు కొట్టుకున్నాడు. ఈమధ్య అతను ఆవులించడానికి కూడా తీరిక లేదంటున్నాడు.

రాహేలు ఉత్తర్వును రెండుసార్లు చదివింది. చదివి, మడిచి, సంచిలో మజ్జిగ సీసా పక్కన పెట్టుకుని బయల్దేరింది. తొమ్మిది ఇళ్ళు చూసుకుని భావన్నారాయణ ఇంటికి చేరేసరికి పది దాటింది. కట్టు విప్పింది. పుండు ఎర్రగా, శుభ్రంగా, అంచుల్లోంచి పూడుకొస్తోంది. ఆమెకు ప్రాణం లేచొచ్చింది.

"ఏం చేశారమ్మా నిన్ను?" అనడిగాడు భావన్నారాయణ బెంగగా.

"నడవమన్నారు పెద్దయ్యా. ఇంటింటికీ. శిక్షంట."

"ఎన్నాళ్ళు?"

"మళ్ళీ ఉత్తర్వులొచ్చేదాకా."

ముసలాయన రెండు చేతులూ జోడించాడు. "అయితే ఆ ఉత్తర్వులు నా జన్మలో రాకూడదని చౌడమ్మ తల్లికి మొక్కుకుంటా."

"మొక్కుకో," అంది రాహేలు కొత్త గుడ్డ చుడుతూ. "ఇక్కడ్నించే మొక్కుకో. గుడిదాకా నడవబాకు."